బెయిలొచ్చినా బయటికి రాలేని ఆడవాళ్ల గురించి, హోం మంత్రి గారికి

ఆంధ్రప్రదేశ్ హోం శాఖ మంత్రి శ్రీమతి వంగలపూడి అనిత గారికి,

నమస్కారం.

నేను జిల్లా న్యాయసేవాధికార సంస్థ ప్యానెల్‌లో ఉన్న న్యాయవాదిని. సొంతంగా లాయరును పెట్టుకోలేని ముద్దాయిల కేసులు చూడటం మా పని. ఆడ లాయరును కాబట్టి ఆడవాళ్ల కేసులు ఎక్కువగా నా దగ్గరికే వస్తాయి. కోర్టుకు చెప్పుకోవాల్సినవి కోర్టులో చెప్పుకుంటూనే ఉన్నాం. పోలీసు శాఖ, జైళ్ల శాఖ రెండూ మీ కిందే ఉన్నాయి కాబట్టి, మీ శాఖ తలచుకుంటే కదిలే విషయాలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

ఉమ్మడి రాష్ట్రంలో 2009లో సబితా ఇంద్రారెడ్డి గారు హోం మంత్రి అయ్యారు. 2019 తర్వాత మేకతోటి సుచరిత గారు, తానేటి వనిత గారు, ఇప్పుడు మీరు. వరసగా ముగ్గురు ఆడవాళ్లు ఈ శాఖ చూశారు. నేరానికి బలైన ఆడవాళ్ల గురించి ఈ కాలంలో చాలా మాట్లాడుకున్నాం, మాట్లాడాలి కూడా. నేరం చేశారని పట్టుకొచ్చిన ఆడవాళ్ల గురించి మాత్రం ఎవరూ నోరు విప్పరు. వాళ్ల పేరెత్తితే నేరస్తులను వెనకేసుకొస్తున్నారంటారని భయం. నాకు ఆ భయం లేదు. నేరం రుజువైతే శిక్ష పడాల్సిందే. నేను రాసేది శిక్ష పడకుండానే శిక్ష అనుభవిస్తున్నవాళ్ల గురించి.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలు, అంటే ఇంకా తీర్పు రానివాళ్లు. ఆడవాళ్లు 23,772 మంది. వందకు నలుగురు. తక్కువమందే కదా అన్న ఆ లెక్కే వాళ్లకు శాపమైంది. మనకు రాజమహేంద్రవరంలో, కడపలో ప్రత్యేక మహిళా జైళ్లున్నాయి. మిగతాచోట్ల మగవాళ్ల కోసం కట్టిన జైల్లో ఒక పక్కన గోడ కట్టి ఆడవాళ్లను ఉంచుతారు. డాక్టరు వచ్చేది మగవాళ్ల వైపుకి, పని నేర్పేది మగవాళ్లకి, లైబ్రరీ ఉంటే అదీ అటువైపే. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ అమితవ రాయ్ కమిటీ దేశంలోని జైళ్ల పరిస్థితి పరిశీలించి, శానిటరీ న్యాప్‌కిన్లు ఇస్తున్న జైళ్లు నలభై శాతం కూడా లేవని చెప్పింది. బిడ్డను మధ్యలో ఊచలు, అద్దం లేకుండా తల్లి కలుసుకునే వీలు గోవా, ఢిల్లీ, పుదుచ్చేరి జైళ్లలోనే ఉందని కూడా చెప్పింది. ఆ వరుసలో మన రాష్ట్రం పేరు లేదు.

ములాఖత్ రోజున ఏ జైలు గేటు దగ్గరైనా కాసేపు నిలబడి చూడండి. మగ ఖైదీల కోసం వచ్చేవాళ్లు ఎవరు? తల్లి, భార్య, అక్కచెల్లెళ్లు. చంకలో పిల్ల, చేతిలో అరటిపళ్ల సంచి, ఆధార్ కార్డు జిరాక్సు. మొగుడు ఎంత పని చేసి లోపలికి వెళ్లినా భార్య పుస్తెలు తాకట్టు పెట్టి లాయరును మాట్లాడుతుంది, జామీనుకు మనుషుల్ని బతిమాలుకుంటుంది. ఆడ ఖైదీ కోసం వచ్చేవాళ్లు తల్లి బతికుంటే తల్లి, లేకపోతే అక్క. భర్త మొదట్లో ఒకసారి వస్తాడు. అత్తింటివాళ్లు గడప దాటరు. పుట్టింట్లో అన్నదమ్ములు "పరువు తీసింది" అని తలుపేసుకుంటారు. మగవాడు జైలుకెళ్తే ఇల్లు కష్టాల్లో పడిందంటారు. ఆడది జైలుకెళ్తే ఇంటికి మచ్చ వచ్చిందంటారు. దీన్ని జీవోలతో మార్చమని నేను అడగను. ఇంటివాళ్లు వస్తారన్న నమ్మకం మీద బెయిలు వ్యవస్థ మొత్తం నడుస్తోంది. ఆడవాళ్లకు ఆ ఇల్లే లేకుండా పోతోంది. ఈ ఒక్క ముడి మీరు విప్పగలరు.

ఒక కేసు చెప్తాను. పేరు, ఊరు రాయను. పండగ రద్దీలో బస్సులో ఎవరిదో పర్సు పోయింది. బస్సులో ఉన్న ఈ మనిషిని దింపి స్టేషన్‌కు తీసుకెళ్లారు. ఆమెది ఎరుకల కుటుంబం. ఒకప్పుడు బ్రిటిషువాళ్లు 1871లో మొదలుపెట్టి తర్వాత మన ప్రాంతానికీ తెచ్చిన నేరస్త తెగల చట్టంతో, పుట్టుకతోనే నేరస్తులని ముద్ర వేసిన తెగల్లో అదొకటి. ఆ చట్టం 1952లో పోయింది, ముద్ర మాత్రం స్టేషన్ రికార్డుల్లో, మనుషుల మనసుల్లో ఉండిపోయింది. స్టువర్టుపురం పేరు వింటే ఇప్పటికీ జనం జేబు తడుముకుంటారు. ఆమెను పట్టుకున్నాక, అదే రూట్లో అంతకుముందు జరిగి ఎవరూ దొరకని దొంగతనాలు రెండు ఆమె పేరు మీద చూపించారు. రిమాండ్ రాశారు.

కోర్టు బెయిలు ఇచ్చింది. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టం 480వ సెక్షన్‌లో ముద్దాయి ఆడమనిషైతే బెయిలు ఇవ్వొచ్చన్న వెసులుబాటు ఉంది, మేజిస్ట్రేటు దాన్ని పరిగణించారు. పదివేల చొప్పున ఇద్దరు జామీనుదారులు కావాలన్నారు. జామీను అంటే చెయ్యెత్తి "నేనున్నాను" అంటే సరిపోదు కదా. ఇంటిపన్ను రసీదు కావాలి, ఆధార్ కావాలి, పొలం ఉంటే పాస్‌బుక్కు, వీఆర్వో దగ్గర నుంచి ఆస్తి విలువ కాగితం కావాలి. జామీనుదారు ఒక రోజు కూలి మానుకుని కోర్టుకు రావాలి, సాయంత్రం దాకా పిలుపు రాకపోతే మర్నాడు మళ్లీ రావాలి. ఆమె వాళ్లందరూ పోరంబోకులో గుడిసెలు వేసుకున్నవాళ్లు. ఇంటిపన్ను రసీదు ఎవరికి ఉంటుంది? మొగుడికి ఫోన్ చేశాను. "ఊళ్లో తలెత్తుకోలేకపోతున్నాను మేడమ్, నన్ను ఇందులోకి లాగొద్దు" అన్నాడు. తర్వాత ఫోనెత్తలేదు. నేను జైలుకు వెళ్లినప్పుడు ఆమె బెయిలు ఆర్డరు కాపీని మందుల షాపు కవర్లో పెట్టి, జాకెట్లోంచి తీసి చూపించింది. చదవడం రాదు. "దీన్లో నన్ను వదిలేయమని రాసుంది కదమ్మా?" అని అడిగింది. రాసుంది. కానీ ఆమె ఇంకా చాలాకాలం లోపలే ఉంది.

మంత్రి గారూ, ఇలాంటి వాళ్ల కోసం సుప్రీంకోర్టు 2023 జనవరి 31న స్పష్టమైన ఆదేశాలు ఇచ్చింది. బెయిలు ఇచ్చిన రోజో, మర్నాడో ఆ ఆర్డరు కాపీని ఈ-మెయిల్‌లో జైలు సూపరింటెండెంటుకు పంపాలి. బెయిలొచ్చిన ఏడు రోజుల్లో ఆ మనిషి విడుదల కాకపోతే సూపరింటెండెంటు ఆ సంగతి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలియజేయాలి. నెల రోజుల్లో పూచీకత్తు కట్టలేకపోతే షరతులు సడలించాలా అని కోర్టు తనంతట తానే చూడొచ్చు. స్థానిక జామీనుదారులే కావాలని పట్టుబట్టడం విడుదల ఆలస్యానికి ఒక కారణమని కూడా కోర్టు అంది. ఇందులో జైలు చేయాల్సిన పని చిన్నది. ఏడో రోజున ఒక ఉత్తరం రాయాలి. ఆ ఉత్తరం కొన్ని జైళ్ల నుంచి టైముకు వస్తుంది, కొన్నిటి నుంచి రాదు. రానిచోట ఎందుకు రావడం లేదని పైనుంచి ఎవరూ అడగరు. మీరు అడగండి.

కేంద్ర హోం శాఖ 2023లో పేద ఖైదీలకు సాయం చేసే పథకం తెచ్చింది. డబ్బు లేక బెయిలు మీద బయటికి రాలేని విచారణ ఖైదీకి 40,000 రూపాయల వరకు, జరిమానా కట్టలేక ఉండిపోయిన శిక్షపడ్డ ఖైదీకి 25,000 రూపాయల వరకు ఇస్తామని అప్పట్లో చెప్పారు. దీన్ని చూడటానికి జిల్లాలో ఒక కమిటీ ఉంటుంది. చాలా మంచి పథకం. కానీ లోపలున్న ఆడమనిషికి ఈ పథకం ఉందని చెప్పేదెవరు? ఆ మాట చెప్పే బోర్డు బ్యారక్ గోడ మీద తెలుగులో పెట్టినా, చదవలేనివాళ్లకు ఎవరో ఒకరు నోటితో చెప్పాలి. జైల్లో చేరిన రోజు పేరు, వయసు, పుట్టుమచ్చలు రాసుకుంటారు. ఆ రోజే "నీకు జామీను ఇచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అన్న ఒక్క ప్రశ్న కూడా రాసుకుంటే, ఎవరికి ఈ సాయం అవసరమో మొదటి రోజే తెలిసిపోతుంది. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు.

ఇంకో దారి మన రాష్ట్రంలోనే ఉంది. ఊళ్లలో గ్రామ సచివాలయాలున్నాయి. వాటిలో కంప్యూటర్ ఉంది, నెట్ ఉంది, మహిళా పోలీసు పేరుతో చేర్చుకున్న అమ్మాయిలున్నారు. ఒక ఆడమనిషికి బెయిలొచ్చి వారం దాటినా జామీను దొరక్కపోతే, ఆ ఊరి సచివాలయానికి కబురు వెళ్లాలి. ఆ ఇంటికెళ్లి మాట్లాడటానికి, పన్ను రసీదు ఎవరి పేర ఉందో చూడటానికి, వీఆర్వో కాగితం అదే ఆఫీసులో ఇప్పించడానికి అంతకంటే దగ్గర మనిషి ఎవరున్నారు? జైల్లో ఉన్నవాళ్లతో వీడియోలో మాట్లాడే ఈ-ములాఖత్ సౌకర్యం ఇప్పటికే ఉంది. స్మార్ట్‌ఫోన్ లేని తల్లి ఆ సచివాలయంలో కూర్చుని కూతురితో మాట్లాడే ఏర్పాటు చేయొచ్చు. స్త్రీశక్తి పథకం వచ్చాక తల్లులు, అక్కలు చార్జీ లేకుండా జైలుదాకా రాగలుగుతున్నారు, అది నిజంగా మేలు చేసింది. అయినా పాడేరు అవతలి గూడెం నుంచి విశాఖ జైలుకు వంద కిలోమీటర్లు దాటి వచ్చిపోవాలంటే రెండు రోజుల కూలి పోతుంది.

పాడేరు మాట వచ్చింది కాబట్టి గంజాయి కేసుల గురించి రాయాలి. గంజాయి మీద మీ ప్రభుత్వం గట్టిగా ఉంది, ఈగల్ పేరుతో ప్రత్యేక విభాగమే పెట్టారు. మా పిల్లల కాలేజీల దాకా వచ్చేసిన ఆ మత్తును ఆపాలని మీకెంత పట్టుదల ఉందో ఒక తల్లిగా నాకూ అంతే ఉంది. కానీ ఏజెన్సీ నుంచి బ్యాగు మోసుకొచ్చి రైల్వే స్టేషన్లో దొరికిపోయే ఆడవాళ్లను నేను చూస్తున్నాను. సరుకు ఎవరిదో వాళ్లకు తెలియదు. బ్యాగు ఇచ్చినవాడి పేరు అడిగితే సగం పేరు చెప్తారు, ఆ పేరు కూడా నిజం కాదు. ట్రిప్పుకు ఇంత అని ఇస్తారు. పిల్లకు జ్వరం వచ్చి వెళ్లినవాళ్లున్నారు, అప్పువాడు తలుపు తట్టి వెళ్లినవాళ్లున్నారు. ఆడమనిషిని తనిఖీ చేయరులే అని వ్యాపారి వీళ్లను ముందు పెడతాడు. దొరికింది వీళ్లు, దొరకనిది వాడు.

ఇక్కడ పంచనామా ఎలా రాస్తారన్నది ఒక మనిషి జీవితాన్ని తేల్చేస్తుంది. ఇరవై కిలోలు దాటితే కమర్షియల్ క్వాంటిటీ, అంటే వ్యాపార పరిమాణం. పదేళ్లకు తక్కువ కాకుండా ఇరవై ఏళ్ల దాకా శిక్ష, బెయిలు రావాలంటే మత్తుమందుల కేసులు చూసే ఎన్‌డీపీఎస్ చట్టంలో బెయిలును కష్టం చేసిన 37వ సెక్షన్ గండం దాటాలి. ముగ్గురు ఆడవాళ్లు ఒకే రైలుకు వచ్చారనుకోండి, తలా ఎనిమిది కిలోల బ్యాగు. ఎవరి బ్యాగు వాళ్లదిగా రాస్తే ఒక్కొక్కరిది మధ్యస్థ పరిమాణం. ముగ్గురిదీ కలిపి 24 కిలోలు అని రాస్తే ముగ్గురూ కమర్షియల్‌లో పడతారు. చార్జిషీటు వేయడానికే పోలీసులకు 180 రోజుల గడువు వస్తుంది. ఆ ముగ్గురూ కలిసి కుట్ర చేశారో, ఒకడే ముగ్గురికీ విడివిడిగా బ్యాగులు అంటగట్టాడో తేల్చకుండా కూడికలు చేయొద్దని మీరు దర్యాప్తు అధికారులకు చెప్పగలరు. ఇది ముద్దాయిలకు చేసే మేలు మాత్రమే కాదు. బ్యాగు ఇచ్చినవాడి దాకా దర్యాప్తు వెళ్లాలంటే కూడా ఇదే దారి.

పైన చెప్పిన కేంద్ర పథకం ఎన్‌డీపీఎస్ కేసులకు వర్తించదు. అంటే ఒకవేళ కోర్టు బెయిలు ఇచ్చినా, డబ్బు లేక ఆగిపోయిన గిరిజన స్త్రీకి ఆ సాయం అందదు. వీళ్ల కోసం రాష్ట్రం సొంతంగా చిన్న నిధి పెట్టాలి. మధ్యస్థ పరిమాణంలో, మొదటిసారి పట్టుబడ్డ ఆడవాళ్లకే పరిమితం చేయండి. అంత పెద్ద ఖర్చేమీ కాదు.

చట్టాల్లో ఉన్న ఒక వింత కూడా మీ దృష్టికి తేవాలి. కోట్ల రూపాయల అక్రమ సొమ్ము కేసులు చూసే మనీలాండరింగ్ చట్టంలో, బెయిలు షరతులు ఎంత కఠినంగా ఉన్నా, ముద్దాయి స్త్రీ అయితే సడలించవచ్చని 45వ సెక్షన్‌లోనే రాసి ఉంది. అప్పట్లో తెలంగాణ ఎమ్మెల్సీగా ఉన్న కవిత గారు ఈ చట్టం కిందే 2024 మార్చిలో అరెస్టయి, ఆగస్టు 27న సుప్రీంకోర్టులో బెయిలు తెచ్చుకున్నారు. చదువుకున్న, పలుకుబడి ఉన్న స్త్రీకి ఆ వెసులుబాటు వర్తించదన్న హైకోర్టు అభిప్రాయాన్ని సుప్రీంకోర్టు తప్పుపట్టింది. ఆ తీర్పు సరైనదే, నేను దాన్ని స్వాగతించాను. కానీ ఎన్‌డీపీఎస్ 37వ సెక్షన్‌లో స్త్రీ అన్న మాటే లేదు. కోట్ల కేసులో ఉన్న వెసులుబాటు, ట్రిప్పు కూలికి బ్యాగు మోసిన కొండదొర, వాల్మీకి, భగత ఆడపడుచులకు లేదు. ఈ చట్టం మార్చే అధికారం మీకు లేదని తెలుసు. కేంద్రానికి ఒక లేఖ రాసే అధికారం ఉంది. గంజాయి కేసులు ఇన్ని నమోదయ్యే రాష్ట్రం నుంచి వెళ్లే లేఖకు బరువుంటుంది.

పిల్లల సంగతికి వస్తాను. తల్లితో జైల్లో ఉండే పిల్లల కోసం దేశం మొత్తానికీ వర్తించే మార్గదర్శకాలు వచ్చిన కేసు పేరు "ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్". 2006 ఏప్రిల్ 13న తీర్పు వచ్చింది. దేశంలో ఏ జైల్లో పసిబిడ్డ గురించి వాదించాలన్నా లాయర్లు మన రాష్ట్రం పేరున్న ఆ తీర్పే చూపిస్తారు. ఆరేళ్ల వరకు బిడ్డను తల్లి దగ్గర ఉంచుకోవచ్చు. ఆ బిడ్డను ఖైదీగా చూడకూడదు. తిండి, బట్ట, వైద్యం, చదువు, ఆట, అన్నీ హక్కుగా ఇవ్వాలి. సరైన వసతి లేని సబ్‌జైళ్లలో పిల్లలున్న తల్లులను ఉంచకూడదు. గర్భిణిని జైలుకు పంపే ముందు అక్కడ కాన్పుకు, ముందూ వెనకా వైద్యానికి కనీస సౌకర్యాలున్నాయో లేదో చూసుకోవాలి. వీలైనంత వరకు కాన్పు బయట ఆసుపత్రిలోనే జరగాలి. బర్త్ సర్టిఫికెట్‌లో జైల్లో పుట్టినట్టు రాయకూడదు. ఆరేళ్లు నిండి బిడ్డ హాస్టల్‌కో, బంధువుల దగ్గరికో వెళ్లిపోయాక వారానికి ఒక్కసారైనా తల్లిని కలవనివ్వాలి. పిల్లలతో ఉన్న తల్లుల కేసులు కోర్టులు ముందుగా తేల్చాలి.

2022 చివరికి దేశంలో 1,537 మంది తల్లులతో 1,764 మంది పిల్లలు జైళ్లలో ఉన్నారు. ఆ తల్లుల్లో 1,312 మంది విచారణ ఖైదీలే. అంటే తల్లి తప్పు చేసిందో లేదో ఇంకా తేలకముందే బిడ్డ లోపల పెరుగుతోంది.

మా క్లయింట్ ఒకామె కొడుకు నాలుగేళ్లవాడు ఒక సబ్‌జైల్లో తల్లితో ఉండేవాడు. సాయంత్రం తలుపులు వేసేముందు తలలు లెక్కపెడతారు. ఆ లెక్కలో పిల్లాడు లేడు, ఉండకూడదు కూడా. కానీ అందరూ వరసలో కూర్చుంటే వాడూ వచ్చి తల్లి పక్కన కూర్చునేవాడు. వార్డరమ్మ వాడి తల దగ్గర వేలు పెట్టకుండా దాటిపోతే ఏడ్చేవాడట, "నన్ను లెక్కపెట్టలేదు" అని. దాంతో ఆమె వాడి తల మీద కూడా చెయ్యి వేసి నవ్వి వెళ్లేదట. ఆ వార్డరమ్మ మంచిదే. వాడికి వీధి తెలియదు, కుక్కను చూస్తే భయం, మగమనిషి గొంతు వింటే తల్లి వెనక దాక్కునేవాడు. ఆ సబ్‌జైలుకు కాస్త దూరంలోనే అంగన్‌వాడీ ఉంది. పొద్దున్నే ఎవరైనా తీసుకెళ్లి సాయంత్రం తీసుకొస్తే చాలు. "తీసుకెళ్లే మనిషి లేరు, దారిలో ఏమైనా అయితే బాధ్యత ఎవరిది?" అన్నారు. అంగన్‌వాడీ చూసే శాఖ వేరు, జైలు చూసే శాఖ వేరు. మధ్యలో పిల్లాడు.

మీరు రాజకీయాల్లోకి రాకముందు ప్రభుత్వ టీచరుగా పనిచేశారు. నాలుగేళ్ల పిల్లాడికి బయటి గాలి, తోటి పిల్లలు ఎందుకు కావాలో మీకు నేను చెప్పనక్కర్లేదు. పిల్లలున్న ప్రతి జైలుకూ ఒక అంగన్‌వాడీని కేటాయిస్తూ, తీసుకెళ్లే బాధ్యత ఎవరిదో రాసిపెడుతూ రెండు శాఖలు కలిసి ఒక ఆదేశం ఇస్తే చాలు. ఇంకో మాట. తల్లి లోపలికి వెళ్లినప్పుడు ఇంటి దగ్గర మిగిలిపోయే పెద్దపిల్లల సంగతి ఏ రిజిస్టర్లోనూ ఉండదు. అందులో ఆడపిల్ల ఉంటే బడి మాన్పించి వంటకు పెడతారు, లేదా పెళ్లి చేసేస్తారు. అరెస్టు చేసేటప్పుడే "ఇంటి దగ్గర పిల్లలున్నారా, ఎవరి దగ్గరున్నారు?" అని అడిగి, మండల విద్యాధికారికి, కస్తూర్బా విద్యాలయానికి కబురు పంపే పద్ధతి పెట్టండి.

స్టేషన్ల గురించి క్లుప్తంగానే రాస్తాను, ఎందుకంటే ఇక్కడ చట్టం చాలా స్పష్టంగా ఉంది. పొద్దు గూకాక, పొద్దు పొడవకముందు ఆడమనిషిని అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా అధికారి మేజిస్ట్రేటుకు రాతపూర్వకంగా నివేదించి ముందుగా అనుమతి తీసుకోవాలి. సాక్షిగా విచారించాలంటే ఆమె ఇంటికే వెళ్లాలి, స్టేషన్‌కు రమ్మనకూడదు. 1983లో షీలా బర్సే కేసులోనే సుప్రీంకోర్టు ఆడవాళ్లకు వేరే లాకప్, ఆడ పోలీసుల కాపలా ఉండాలని చెప్పింది. మరి కొడుకు దొరక్కపోతే తల్లిని, మొగుడు దొరక్కపోతే పెళ్లాన్ని తీసుకొచ్చి "వాడొచ్చేదాకా కూర్చో" అనడం ఏ సెక్షన్ కింద? ఇలా కూర్చోబెట్టినవాళ్ల పేరు ఏ డైరీలోనూ ఉండదు. అరెస్టు కాదు, సాక్షీ కాదు. అర్ధరాత్రి బెంచీ మీద కూర్చున్న ఆ మనిషికి మంచినీళ్లు అడగాలన్నా టెన్షనే, బాత్రూమ్‌కు వెళ్లాలన్నా టెన్షనే. ప్రతి స్టేషన్‌లో సీసీ కెమెరాలుండాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. చీకటి పడ్డాక స్టేషన్‌లో ఆడమనిషి కనిపిస్తే, ఆమె అక్కడ ఎందుకుందో మర్నాడు ఎస్పీ ఆఫీసుకు సమాధానం చెప్పాలన్న నిబంధన పెట్టండి. నెల తిరిగేలోగా ఈ అలవాటు సగం తగ్గుతుంది.

శిక్ష పడినవాళ్ల గురించి కూడా నాలుగు ముక్కలు. మన రాష్ట్రానికి ఈ విషయంలో మంచి చరిత్ర ఉంది. 2020 నవంబరులో 53 మంది మహిళా జీవిత ఖైదీలను విడుదల చేస్తూ అప్పటి ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. ప్రభుత్వాలు మారినా కొనసాగించాల్సిన పని అది. కానీ గేటు బయటికి వచ్చాక ఎక్కడికి వెళ్లాలన్నది వేరే ప్రశ్న. జైల్లో కుట్టు నేర్చుకున్నామె బయటికొచ్చి మిషన్ కొనుక్కోవడానికి డ్వాక్రా సంఘంలో చేరబోతే, సంఘం సభ్యులు కుదరదన్నారు. ఇలాంటివాళ్లను సంఘాల్లో చేర్చుకోవాలని, డ్వాక్రా సంఘాలను చూసే సెర్ప్ నుంచి ఒక మాట వెళ్తే ఆ తలుపు తెరుచుకుంటుంది. ఇల్లు చేరనివ్వనివాళ్లకు, దిక్కులేని ఆడవాళ్లకు ఆశ్రయమిచ్చే శక్తి సదన్‌లో చోటు ఉండాలి. విడుదల తేదీ జైలుకు ముందే తెలుసు కాబట్టి ఆ చోటు కూడా ముందే చూసి పెట్టొచ్చు.

బీఎన్‌ఎస్‌ఎస్ 479వ సెక్షన్ మీకు తెలిసే ఉంటుంది. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాళ్లు, ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణ ఖైదీగా గడిపేస్తే వదిలేయాలి. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. కోర్టుకు దరఖాస్తు పెట్టాల్సిన బాధ్యత చట్టమే జైలు సూపరింటెండెంటు మీద పెట్టింది. పాత కేసులకూ ఇది వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇందులో ఒక మెలిక ఉంది. ఒకటికి మించి కేసులుంటే ఈ విడుదల రాదు. నేను పైన చెప్పిన బస్సు కేసులో, ఎవరూ దొరకని పాత దొంగతనాలు రెండు అంటగడితే ఏమవుతుందో ఇప్పుడు చూడండి. మూడు చిన్న కేసులు కలిసి ఆమెకు ఆ దారి మూసేశాయి. ఆ కేసుల్లో సాక్ష్యం ఏముందో రిమాండ్ రాసేముందు పై అధికారి ఒకరు చూడాలన్న ఆదేశం మీ నుంచి రావాలి. విముక్త జాతులవాళ్లను, అంటే ఆ పాత నేరస్త తెగల చట్టం ముద్ర నుంచి బయటపడ్డవాళ్లను, ఇష్టం వచ్చినట్టు అరెస్టు చేయొద్దని 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు కూడా పోలీసులకు చెప్పింది.

ఇన్ని రాశాను కానీ, మొదలుపెట్టడానికి నేను అడిగేది ఒక్క జాబితా. రాష్ట్రంలోని ప్రతి జైలు నుంచి, సబ్‌జైళ్లతో సహా, నెలకోసారి మీ టేబుల్ మీదకు ఒక కాగితం రావాలి. లోపలున్న ప్రతి ఆడమనిషీ ఎన్నాళ్లుగా ఉంది, బెయిలొచ్చిందా, వస్తే ఏ తేదీన వచ్చింది, ఎందుకు బయటికి రాలేదు, ములాఖత్‌కు ఆఖరిసారి ఎవరొచ్చారు, కడుపుతో ఉందా, పిల్లలెక్కడున్నారు. పేర్లు పత్రికలకు ఇవ్వక్కర్లేదు. బెయిలొచ్చి ఏడు రోజులు దాటినవాళ్ల వరస ఎర్ర సిరాతో రాయమనండి. మొదటి నెల జాబితా రాగానే ఆ వరసలో ఉన్నవాళ్ల కోసం షరతుల సడలింపు దరఖాస్తులు వేయడానికి, పేద ఖైదీల పథకం కమిటీ ముందు కాగితాలు పెట్టడానికి ప్యానెల్‌లో ఉన్న ఆడ లాయర్లం సిద్ధంగా ఉన్నాం. మాకు ఫీజు తర్వాత సంగతి. ఏ జైల్లో ఎవరున్నారో తెలిస్తే చాలు, అదే రోజు బయల్దేరతాం.

ఇట్లు,
న్యాయసేవాధికార సంస్థ ప్యానెల్‌లోని ఒక మహిళా న్యాయవాది